ఉసామా వేట - నాయకుల జోస్యాలు: ఒక పునర్విమర్శ

రాజకీయ నాయకుల జోస్యాలకు ఒక సౌలభ్యమున్నది. ఫలిస్తే చెప్పినవారు పదే పదే గుర్తు చేస్తారు. ఫలించకపోతే విన్నవారు మరచిపోతారు. అందువల్ల లెక్క ఎప్పుడూ చెప్పినవారి పక్షానే తేలుతుంది. దానిని సరిచూడాలంటే పాత మాటలను తేదీలతో సహా బయటికి తీసి, తరువాత జరిగిన వాస్తవాల పక్కన నిలిపి చూడటం ఒక్కటే మార్గం. ఇట్టి పరిశీలనకు ఉసామా బిన్ లాదిన్ వేటను మించిన ఉదాహరణ ఇటీవలి చరిత్రలో అరుదు. 1998 నుండి 2011 వరకు పదమూడేళ్ళ పాటు అధ్యక్షులు, సేనానులు, గూఢచారి శాఖల అధిపతులు, పత్రికా వ్యాఖ్యాతలు, వీధి అరుగుల మీది పండితులు - అందరూ ఆ మనిషిని గురించి ఏదో ఒక జోస్యం చెప్పినవారే.

పరీక్షకు పద్ధతి కోసం ముస్లిం పాఠకుడు ఎక్కడికో పోనక్కరలేదు. హదీసు విద్వాంసులు ఒక ఉల్లేఖనాన్ని స్వీకరించే ముందు రెండు విషయాలు చూసేవారు: చెప్పిన మాట ఎట్టిది, చెప్పినవారి పరంపర ఎట్టిది. మాట వినసొంపుగా ఉన్నంత మాత్రాన ఉల్లేఖకుడు నమ్మదగినవాడు కాడు. ఉల్లేఖకుని ఒక మాట నిజమైనంత మాత్రాన అతని మాటలన్నీ నిజం కావు. అతడు స్వయంగా చూశాడా, విన్నాడా, ఊహించాడా, ఆ మాట వల్ల అతనికేమైనా లాభమున్నదా అన్నది విచారించేవారు. ఈ కొలతను రాజకీయ జోస్యాలకు అన్వయిస్తే అనేక ప్రతిష్ఠలు తగ్గుతాయి. ఒకటి రెండు నిలుస్తాయి.

ముందుగా ఒక విషయం స్పష్టం కావాలి. ఈ విమర్శ వేటాడబడినవానిపై సానుభూతి కాదు. 1998 ఆగస్టు 7న నైరోబీ, దారెస్సలాం నగరాలలోని అమెరికా రాయబార కార్యాలయాలపై జరిగిన పేలుళ్ళలో 224 మంది మరణించారు. వారిలో అత్యధికులు ఆఫ్రికా వాసులు, ముస్లిములూ ఉన్నారు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్, వాషింగ్టన్, పెన్సిల్వేనియాలలో దాదాపు మూడు వేల మంది బలి అయ్యారు. వారిలోనూ ముస్లిములున్నారు. యుద్ధంలో సైతం స్త్రీలను, పిల్లలను, పోరులో లేనివారిని తాకరాదన్న ధర్మశాస్త్రం ముందు ఈ కృత్యాలకు సమర్థన లేదు. నేరస్థుణ్ణి పట్టుకోవలెనా, వద్దా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. పట్టుకుంటామన్నవారు ఏమన్నారు, ఏ ఆధారంతో అన్నారు, ఆ మాటకు మూల్యం ఎవరు చెల్లించారన్నదే ప్రశ్న.

జోస్యాలు మూడు రకాలుగా వెలువడ్డాయి. మనిషి దొరుకుతాడా? ఎక్కడ దొరుకుతాడు? దొరికితే ఏమవుతుంది?

దొరుకుతాడా?

2001 సెప్టెంబరు 17న అధ్యక్షుడు జార్జి బుష్, పాత అమెరికా పశ్చిమ ప్రాంతాలలో దొంగల తలకు వెల కట్టి గోడలకు అంటించిన ప్రకటనలను గుర్తు చేస్తూ, ఉసామా సజీవంగానో నిర్జీవంగానో కావాలన్నాడు. మూడు నెలలు తిరగకుండానే అవకాశం చేతికందినట్లే కనిపించింది. ఆ డిసెంబరులో అఫ్ఘానిస్తాన్ తూర్పు సరిహద్దున తోరాబోరా కొండలలో ఉసామా చిక్కుకున్నాడు. కాని కొండలను చుట్టుముట్టవలసిన పని స్థానిక అఫ్ఘన్ దళాలకు, సరిహద్దు కాపలా పాకిస్తాన్ సేనలకు వదిలిపెట్టారు. అక్కడున్న అమెరికన్ కమాండోలు నూరుమందికి లోపేనని 2009 నవంబరులో అమెరికా సెనేట్ విదేశాంగ సంఘమే నివేదికలో రాసింది. మనిషి జారిపోయాడు.

తరువాత మాట మారింది. 2002 మార్చి 13న అదే అధ్యక్షుడు ఉసామా ఎక్కడున్నాడో తనకు తెలియదని, అతని విషయమై తాను అంతగా కాలం వెచ్చించడం లేదని విలేకరులతో అన్నాడు. శపథానికి, ఆ నిర్లక్ష్యానికి నడుమ గడిచినది ఆరు నెలలు. 2003 మార్చిలో సేనలు ఇరాక్ మీదికి మళ్ళాయి. 2005 చివర ఉసామా వేటకే ప్రత్యేకించిన గూఢచారి విభాగాన్ని మూసివేశారు. 2007 ఏప్రిల్ నాటికి రిపబ్లికన్ నాయకుడు మిట్ రామ్నీ, ఒక్క మనిషిని పట్టడానికి కోట్లు గుమ్మరించి భూమ్యాకాశాలు ఏకం చేయనక్కరలేదనే వరకు వచ్చాడు. దొరకని ద్రాక్షపళ్ళు పుల్లన అయిన విధం ఇది.

ఇక ఫలించిన జోస్యంగా ప్రసిద్ధికెక్కినది బరాక్ ఒబామా మాట. 2007 ఆగస్టు 1న వాషింగ్టన్‌లో ఆయన, ఉగ్రవాద నాయకుల ఆచూకీపై కార్యాచరణకు తగిన సమాచారముండి, ముషర్రఫ్ కదలకపోతే అమెరికా తానే కదులుతుందన్నాడు. ప్రతిపక్షీయులే గాక స్వపక్షంలోని పోటీదారులు సైతం ఆయన అనుభవరాహిత్యాన్ని ఎత్తిపొడిచారు. మిత్రదేశం మీద బాంబులు వేస్తానని బహిరంగంగా చెప్పడమేమిటని జాన్ మెకేన్ ఆక్షేపించాడు. 2008 అక్టోబరు 7న నాష్‌విల్ చర్చావేదికపై మెకేన్, ఉసామాను ఎలా పట్టాలో తనకు తెలుసునని, పట్టి తీరుతానని అన్నాడు. చంపి తీరుతామని ఒబామా అన్నాడు. 2011 మే 2 తెల్లవారుజామున పాకిస్తాన్‌లోని అబోటాబాద్‌లో అదే జరిగింది. దానితో ఒబామా దూరదృష్టి రుజువైనదని పత్రికలు రాశాయి.

మాటను నిదానంగా పరిశీలిస్తే తేలేది వేరు. 2007 నాటి ప్రకటన జోస్యం కాదు. షరతులతో కూడిన సంకల్పం. సమాచారముంటే, మిత్రదేశం కదలకపోతే - ఈ రెండు షరతులే దాని బలం. ఉసామా దొరుకుతాడని గాని, ఫలానా చోట ఉన్నాడని గాని అందులో లేదు. మొదటి షరతు నెరవేరడానికి మూలమైనవాడు ఉసామాకు లేఖలు చేరవేసే వార్తాహరుడు. అతని పేరు గూఢచారులకు తెలియడం, అతని వాహనాన్ని వెంబడించడం ఏండ్ల తరబడి, ఇద్దరు అధ్యక్షుల హయాంలో సాగిన పని. 2010 ఆగస్టులో ఆ దారి అబోటాబాద్ ఇంటి గుమ్మం వద్ద ఆగింది. వేదికపై మాట్లాడినవారు ప్రసిద్ధులు. వెదికినవారి పేర్లే లోకానికి తెలియవు.

ఆక్షేపించినవారు పూర్తిగా పొరబడినారనడమూ న్యాయం కాదు. పాకిస్తాన్‌తో యుద్ధం రాలేదు గాని, మైత్రి మాత్రం బీటలు వారింది. 2011 నవంబరు 26న సలాలా వద్ద అమెరికా పక్ష దాడిలో 24 మంది పాకిస్తాన్ సైనికులు మరణించగా, అఫ్ఘానిస్తాన్‌కు పోయే సరఫరా మార్గాలు ఏడు నెలలు మూతపడ్డాయి. ఆ ఏటి అవమానాలన్నీ కలిసి ఇచ్చిన ఫలమది.

ఎక్కడ దొరుకుతాడు?

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పినవారిలో దాదాపు అందరూ తప్పారు. 2002 జనవరిలో ముషర్రఫ్, ఉసామా మూత్రపిండాల రోగి గనుక బహుశా మరణించి ఉంటాడన్నాడు. ఆ ఏడు జూలైలో అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థలో ఉగ్రవాద నిరోధక శాఖాధిపతి సైతం తన అభిప్రాయంలో అతడు చనిపోయి ఉండవచ్చునన్నాడు. నవంబరులో అల్‌జజీరా ఉసామా కంఠస్వరాన్ని ప్రసారం చేసింది. 2004 అక్టోబరు 29న, అమెరికా ఎన్నికలకు నాలుగు రోజుల ముందు, అతని బొమ్మ కూడా తెరపై కనిపించింది.

2005 జూన్‌లో అమెరికా గూఢచారి సంస్థ అధిపతి పోర్టర్ గాస్, ఉసామా ఎక్కడున్నాడో తనకు చక్కగా తెలుసునన్నట్లు మాట్లాడాడు. అబోటాబాద్‌లో ఎత్తయిన గోడల ఇల్లు లేచింది ఆ కాలంలోనే. 2010 జూన్‌లో లియోన్ పనెట్టా, ఏండ్లుగా కచ్చితమైన సమాచారం లేదని నిజాయితీగా ఒప్పుకుంటూనే, మనిషి గిరిజన ప్రాంతాలలో ఉన్నాడన్నాడు. రెండు నెలలకు గాలింపు చేరింది గిరిజన ప్రాంతాలకు కాదు. ఇస్లామాబాద్‌కు ఉత్తరాన, పాకిస్తాన్ సైనిక విద్యాలయానికి మైలు లోపు దూరంలో ఉన్న కంటోన్మెంటు పట్టణానికి.

ఇంతమంది ఒకే విధంగా ఎందుకు పొరబడ్డారు? ఆధారాలు లేనిచోట బొమ్మ పనిచేసింది. తలపాగా, గడ్డం, గుహ, కొండ - ఈ నాలుగు కలిపి గీసిన బొమ్మలో రెండంతస్తుల పైన మేడ, ప్రహరీ గోడ, పెరటిలో కూరగాయల మళ్ళు ఇమడలేదు. 2013లో బయటపడిన అబోటాబాద్ విచారణ సంఘం నివేదిక ప్రకారం, ఒకసారి స్వాత్‌లో అతివేగంగా పోతున్న కారును పోలీసు ఆపగా, లోపలున్న ఉసామా గుర్తింపబడకుండానే సాగిపోయాడు. ఇంటి ఆవరణలో తిరిగేటప్పుడు ఆకాశం నుండి కనబడకుండా వెడల్పు అంచుల టోపీ పెట్టుకునేవాడు. ప్రపంచమంతా గుహలను గాలిస్తూండగా అతడు పురపాలక సంఘం హద్దులలో కాపురమున్నాడు.

అదే నివేదిక పాకిస్తాన్ ప్రభుత్వ శాఖల సామూహిక నిర్లక్ష్యాన్ని, అసమర్థతను తీవ్రంగా గర్హించింది. ఎవరో కొందరి సహకారం ఉండవచ్చునన్న అనుమానాన్ని పూర్తిగా కొట్టివేయలేదు. 2009 అక్టోబరులో లాహోరులో హిల్లరీ క్లింటన్, అల్‌ఖాయిదా నాయకులెక్కడున్నారో పాకిస్తాన్ ప్రభుత్వంలో ఎవరికీ తెలియదంటే నమ్మలేనన్నప్పుడు శ్రోతలు నొచ్చుకున్నారు. తెలిసి దాచారన్నది నేటికీ రుజువు కాలేదు. కాని ఆనాడు నొచ్చుకున్నవారికి 2011లో తలెత్తుకునే వీలూ మిగలలేదు.

ఇక్కడ మరొక వైపరీత్యం గమనింపదగినది. బహిరంగ వేదికలపై వినబడిన నిశ్చయం, నిర్ణయం జరిగిన గదిలో లేదు. ఆ ఇంట ఉన్నది ఉసామాయేనా అని అడిగితే, విశ్లేషకులలో ఒకరు నూటికి 95 పాళ్ళు అన్నారు, మరొకరు 40 పాళ్ళే అన్నారు. అన్నీ విన్న ఒబామా దీనిని సగం సగం అవకాశంగానే తీసుకున్నాడు. ఉపాధ్యక్షుడు జో బైడెన్ ఆగుమన్నాడు. ఇంటిలోని పొడవాటి మనిషి నడకను పైనుండి నెలల తరబడి చూసినవారికే సందేహమున్నది. ఏమీ చూడకుండా పట్టి తీరుతామన్నవారికి సందేహం లేకపోయింది. ఎవరి మాటకు ఎంత విలువ కట్టవలెనో దీనిని బట్టి తెలుస్తుంది.

దొరికితే ఏమవుతుంది?

మూడవ ప్రశ్నకు రెండు విరుద్ధమైన జోస్యాలుండేవి. ఉసామా పోతే ఉగ్రవాదం నడుం విరుగుతుందని కొందరు, ఉసామాను చంపితే ముస్లిం లోకమంతా భగ్గుమంటుందని కొందరు.

రెండవవారు ముస్లిములను ఎరుగనివారు. 2011 మే నాటికి ట్యూనిస్ వీధులలో జనం బిన్ అలీని, కైరో చౌకులో జనం హుస్నీ ముబారక్‌ను దింపివేశారు. ఆ జనసందోహాలు ఉసామా బొమ్మలు మోయలేదు. అతని మరణవార్తకు ముస్లిం దేశాలు భగ్గుమనలేదు. ప్రతీకారం మాత్రం జరిగింది - మే 13న పాకిస్తాన్‌లోని షబ్‌ఖదర్‌లో శిక్షణ ముగించుకొని సెలవుపై ఇండ్లకు బయలుదేరిన యువ రక్షక భటులపై. ఎనభైమందికి పైగా మరణించారు. దానిని తమ ప్రతీకారమని తాలిబాన్ ముఠా చాటుకున్నది. ఉసామా పేరిట ప్రతీకారం తీర్చుకున్నవారికి దొరికినవారు ముస్లిం తల్లుల బిడ్డలే.

మొదటివారి జోస్యం సగమే నిలిచింది. 2011 జూలైలో కాబూలు వెళ్ళిన పనెట్టా, అల్‌ఖాయిదా ఓటమి అందుబాటులో ఉన్నదన్నాడు. 2012 మేలో బగ్రాం స్థావరం నుండి ఒబామా అదే అర్థం వచ్చే మాట అన్నాడు. 2001 నాటి వంటి దాడి అమెరికా గడ్డపై మళ్ళీ జరగలేదన్నది నిజం. కాని 2014 జూన్‌లో మోసుల్ పట్టణం కొత్త ముఠా వశమైంది. ఖిలాఫత్ అనే పవిత్ర పదాన్ని ఆ ముఠా తన జెండాకు తగిలించుకున్నది. అల్‌ఖాయిదా చీలిక నుండి, ఇరాక్ యుద్ధపు శిథిలాల నుండి పుట్టిన ఆ ముఠా చేత చిక్కినవారిలో ముస్లిములే అధికులు. దాని నాయకుడు బగ్దాదీ 2019 అక్టోబరులో అంతమయ్యాడు. ఉసామా వారసుడు అయ్‌మన్ జవాహిరీ 2022 జూలై 31న కాబూలు నడిబొడ్డున ఒక ఇంట డ్రోను దాడిలో మరణించాడు. అప్పటికి అమెరికా సేనలు కాబూలు వదిలి ఏడాది కావస్తున్నది. నాయకుడు పోతే సంస్థ పోతుందనే జోస్యం ప్రతిసారీ కొత్త పేరుతో వచ్చి, ప్రతిసారీ సగమే ఫలించింది.

ముస్లిం సమాజపు జోస్యాలు

ఇంతవరకు పాశ్చాత్య నాయకుల మాటలను తూచినవారు అదే తక్కెడలో స్వజనుల మాటలను కూడా వేయకపోతే అది న్యాయం కాదు. తమకు, తమవారికి విరుద్ధమైనా న్యాయం పక్షానే నిలవాలన్నది అన్నిసా సూరా 135వ ఆయత్ విశ్వాసులపై మోపిన బాధ్యత.

ఉసామా ఏనాడో చనిపోయాడన్నారు. పట్టుబడి అమెరికా చెరలోనే ఉన్నాడు, 2004 ఎన్నికలకు ముందు బయటికి తీస్తారన్నారు. ఈ వదంతి అమెరికాలోనూ తిరిగింది. ఎన్నికలు వచ్చాయి, పోయాయి. ఎవరినీ బయటికి తీయలేదు. వేటాడేవారికి అతడు బ్రతికుండటమే లాభం, కనుక ఎన్నటికీ చంపరన్నారు. చంపిన తరువాత, చచ్చింది అతడు కాదన్నారు. 2011 మే 6న అల్‌ఖాయిదాయే మరణాన్ని ధ్రువీకరించినా కొందరు తమ మాట వదలలేదు. ఒక జోస్యం అబద్ధమైనప్పుడల్లా దాని స్థానంలో మరొకటి ప్రవేశపెట్టడమే గాని, మొదటిది తప్పని ఒప్పుకున్నవారు అరుదు. వార్త తెచ్చినవాడెట్టివాడో విచారించి మరీ నమ్మాలన్న అల్‌హుజురాత్ సూరా ఆదేశాన్ని ఇతరుల పత్రికలకు వర్తింపజేసి, తమవారి వదంతులకు మినహాయింపు ఇచ్చినట్లయింది.

ఈ సందేహాలకు అవకాశమిచ్చినది అమెరికా ప్రభుత్వమే అన్నదీ నిజమే. మే 2న శ్వేతసౌధం సలహాదారు, ఉసామా పోరాడాడని, స్త్రీని అడ్డు పెట్టుకున్నాడని చెప్పాడు. మరునాడే అతడు నిరాయుధుడని సవరించారు. మృతదేహం చిత్రాలను విడుదల చేయలేదు. దేహాన్ని ఓడపై నుండి సముద్రానికి అప్పగించి, ఇస్లామీ విధులు పాటించామన్నారు. అది సంప్రదాయం కాదని అల్‌అజ్‌హర్ పెద్ద ఇమాం ఆక్షేపించాడు. ఇట్టి స్థితిలో సందేహించడం తప్పు కాదు. కాని సందేహం వేరు, ప్రకటన వేరు. తెలియదనడానికి ఆధారం చాలు. అబద్ధమని చాటడానికి వేరే ఆధారం కావాలి. ఆ తేడా చెరిగిపోయినచోట ప్రశ్నించే హక్కు వదంతికి దాసి అయింది.

మూల్యం ఎవరు చెల్లించారు?

2010 మార్చిలో అమెరికా న్యాయశాఖాధిపతి ఎరిక్ హోల్డర్, ఉసామా ఎన్నడూ న్యాయస్థానానికి రాడని, అతని శవానికే హక్కులు చదివి వినిపించవలసి ఉంటుందని చట్టసభ సంఘం ఎదుట అన్నాడు. దీనిని కూడా ఫలించిన జోస్యాలలో చేరుస్తారు. కాని ఫలితం చెప్పినవారి చేతిలోనే ఉన్నప్పుడు దానికి జోస్యమన్న పేరు చెల్లదు, అది నిర్ణయమనిపించుకుంటుంది. లొంగిపోతే బంధించేవారమని అధికారులు తరువాత చెప్పారు. అయినా 2001లో వినబడిన రెండు పదాలలో సజీవం అన్నది నడుమ ఎక్కడో రాలిపోయింది. దానితో పాటు విచారణ కూడా పోయింది. ఉసామా బోనులో నిలబడి ఉంటే, నైరోబీ వితంతువులు, న్యూయార్క్ అనాథలు అడగవలసిన ప్రశ్నలు అడిగేవారు, సాక్ష్యాలు బహిరంగమయ్యేవి, పైన చెప్పిన వదంతులకు నిలువ నీడ దొరికేది కాదు. న్యాయస్థానం నేరస్థుని కోసమే కాదు, సత్యం కోసం కూడా.

ఇంతకంటె పెద్ద మూల్యం మరొకచోట చెల్లింది. అబోటాబాద్ ఇంట ఉన్నవారెవరో నిర్ధారించుకోవడానికి గూఢచారి సంస్థ ఒక స్థానిక వైద్యుని ద్వారా కామెర్ల నివారణ టీకాల కార్యక్రమాన్ని మిషగా నడిపించింది. ఇది 2011 జూలైలో బయటపడింది. టీకాల వెనుక విదేశీ కుట్ర ఉన్నదని అంతకు ముందు ప్రచారం చేసినవారి నోట ఒక నిజమైన ఉదాహరణ పడింది. 2012 జూన్‌లో ఉత్తర వజీరిస్తాన్‌లో ఒక తాలిబాన్ నాయకుడు, డ్రోను దాడులు ఆగేవరకు పోలియో చుక్కలు వేయరాదని నిషేధించాడు. ఆ డిసెంబరులో ఇంటింటికీ తిరిగి చుక్కలు వేసే కార్యకర్తలను కాల్చి చంపారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. పాకిస్తాన్‌లో 2012లో 58గా ఉన్న పోలియో కేసులు 2014లో 306కు పెరిగాయి. యుద్ధం, వలసలు, తాలిబాన్ నిషేధం - కారణాలనేకం. నిందనంతా ఒక్క బూటకపు టీకాపైనే వేయడం సరికాదు. కాని అమెరికాలోని పన్నెండు ప్రజారోగ్య విద్యాలయాల అధిపతులు 2013 జనవరిలో అధ్యక్షునికి నిరసన లేఖ రాశారు. టీకా కార్యక్రమాలను ఇక గూఢచర్యానికి వాడబోమని 2014 మేలో శ్వేతసౌధం మాట ఇచ్చింది. తప్పు జరిగిందనడానికి ఆ మాట చాలు.

ఏ జోస్యంలోనూ ఈ పిల్లలు లేరు. నాష్‌విల్ వేదికపై ఎవరూ వారిని లెక్కించలేదు. గుహల కథలల్లినవారు, చెరల కథలల్లినవారు కూడా వారిని తలచలేదు. మాట నెగ్గిందా, ఓడిందా అన్నదే అందరి చింత.

రేపటి పనిని గురించి మాట్లాడేటప్పుడు దైవచిత్తాన్ని జోడించి చెప్పాలని అల్‌కహఫ్ సూరా నేర్పింది. వాడుకలో అది నోటి అలవాటుగా మిగిలిపోయింది గాని, దాని అంతరార్థం గంభీరమైనది: రేపు మనిషి చేతిలో లేదు, రేపటి మాటకు మాత్రం మనిషి జవాబుదారి. అబోటాబాద్ ఇంటిని 2012 ఫిబ్రవరిలో పాకిస్తాన్ ప్రభుత్వం నేలమట్టం చేసింది. ఇల్లు పోయినా, దానిని గురించి పలికిన మాటలు పత్రికల దొంతరలలో తేదీలతో సహా నిలిచే ఉన్నాయి. మరొక నాయకుడు మరొక మనిషిని గురించి వేదికెక్కి శపథం చేసిననాడు, చప్పట్లకు ముందు ఆ దొంతర ఒకసారి తిరగేయడం పాఠకుని విధి.